జొన్నల బేసిన్, మోగే బేరింగ్

రాజరత్నం పేరులో రాజూ ఉన్నాడు, రత్నమూ ఉంది. ఇంట్లో రెండూ లేవు. ఉన్నదల్లా ఒక రథం, అదీ పాత డీజిల్ రథం. రథం కదిలితే ఊరంతా వినబడాలన్నది ఆచారమైతే, ఆ కారంత ఆచారవంతురాలు నంద్యాలలో మరొకటి లేదు.

అతను ఒక విత్తనాల కంపెనీలో ఫీల్డ్ ఆఫీసరు. వారంలో రెండు మూడుసార్లు శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు పోయి, ఆ చుట్టుపక్కల చేలల్లో మొలకలు ఎట్లా ఉన్నాయో చూసి రావడం పని. ఊళ్ళవాళ్ళ చేలన్నీ మొలకెత్తుతున్నాయి గానీ కొడుకు పెళ్ళి మాత్రం ఇంకా విత్తనంగానే ఉందని వాళ్ళమ్మ సువార్తమ్మ దిగులు. పేరులోనే సువార్త పెట్టుకున్న ఆవిడ చెవిన ఇన్నేళ్ళలో ఒక్క శుభవార్తా పడలేదు.

ఒకనాటి పొద్దున రత్నం ఆళ్లగడ్డలో ఎవరో రైతు ఇల్లు వెతుక్కుంటూ చర్చి వెనక వీధిలోకి కారు తిప్పాడు. కారు మూలుగుతూ పోయి ఒక నీలం గేటు ముందు ఆగింది. అది పూర్తిగా ఆగకముందే గేటు తెరుచుకుంది. ఒకమ్మాయి జొన్నల బేసిన్ నడుముకు ఆనించుకొని బయటికి వచ్చింది. కారును చూసింది. కారు వెనక చూసింది. మళ్ళీ కారును చూసింది.

"యాడుందన్నా?"

"ఏందీ?"

"పిండిమిషన్."

ఆ వీధులకు వారానికొకసారి ఒక ఆటో వస్తుంది. దాని వెనక పిండిమర బిగించి ఉంటుంది. ఇంటి ముందే ఆపి, తెచ్చినవాళ్ళ గింజలు పిండి ఆడించి ఇచ్చి పోతుంది. దూరం నుంచి దాని మోత వింటే చాలు, ఆడవాళ్ళు బేసిన్లు పట్టుకొని గేట్లలోకి వస్తారు. ఈ అమ్మాయీ అట్లాగే వచ్చింది.

"పిండిమిషన్ ల్యా. ఇది కారు," అన్నాడు రత్నం.

"ఆ మోత దీందేనా?"

"దీందే."

"దీంట్లో ఏం ఆడిస్తాండావన్నా?"

"నేనేం ఆడించల్యా. ఇదే నన్ను ఆడిస్తాంది."

ఆమె నవ్వలేదు. నవ్వు వచ్చి, బస్సులో సీటు దొరకనివాడిలా పెదవి చివర నిలబడి, దిగిపోయింది. రైతు ఇల్లు ఎక్కడో చేత్తో చూపించి లోపలికి వెళ్ళింది. ఆమె అన్న మాటలన్నీ దారి పొడుగునా అతనికి తియ్యగానే గుర్తొచ్చాయి. ఒక్కటి తప్ప. అది 'అన్నా' అన్న మాట.

ఆమె పేరు లూదియా. జాకెట్లకు మగ్గం వర్క్ చేస్తుంది. ఇంటి వెనక వసారాలో మగ్గం చట్రానికి గుడ్డ బిగించుకొని, తల వంచితే పొద్దు వాలేదాకా పూసలూ జరీ తప్ప లోకం కనబడదు. వాళ్ళ నాయన దేవదానం, రిటైరైన ఆర్టీసీ డ్రైవరు. తల్లి పోయాక ఇంట్లో ఇద్దరే. పొద్దున్నే దేవదానం బస్టాండుకు పోయి, వచ్చేపోయే బస్సుల రోగాలు చెవితో కనిపెట్టి కుర్ర డ్రైవర్లకు చెప్పి వస్తాడు. ఆయన బస్టాండు నుంచి రిటైరయ్యాడు గానీ, బస్టాండు ఆయన నుంచి కాలేదు.

రెండోసారి రత్నానికి ఆ వీధితో పని లేదు. రైతు ఇల్లు తెలిసిపోయింది, దానికి దగ్గరి దారీ తెలిసిపోయింది. దారి తెలిసీ తప్పాడు. కారు మోగింది. గేటు తెరుచుకుంది. బేసిన్ వచ్చింది.

"మళ్ళా నువ్వేనా? పిండిమిషన్ అనుకున్యా."

"మొన్ననే విన్నారు గదండీ మోత."

"రెండూ ఒకే తీరుండాయి. ఒకటే తేడా. ఆయప్ప ఆగి ఆడిస్తాడు, నువ్వు ఆగి చూస్తావు. ఏ ఊరు మీది?"

"నంద్యాల. నూనెపల్లెలో ఖాదర్ బాషా స్పేర్ పార్టుల షాపు తెలుసునా? దాని పక్కిల్లు."

"స్పేర్ పార్టుల షాపు పక్కనే ఉండి ఇట్ల మోగుతాండారా?"

రత్నం సిగ్గుపడి స్టీరింగు తుడిచాడు. కానీ మనసు పండగ చేసుకుంది. ఈసారి ఆమె 'అన్నా' అనలేదు.

ఇక అక్కడి నుంచి అది అలవాటైంది. మోత, గేటు, బేసిన్. పిండిమిషన్ అనుకున్యా అని ఆమె, అయ్యో మళ్ళా మోసం చేసినానే అని అతను. రెండు మాటలు, ఒక చూపు, కారు ముందుకు. ఆ జొన్నలు ఎన్నిసార్లు గేటు దాకా వచ్చాయో, అన్నిసార్లూ గింజలుగానే లోపలికి పోయాయి.

ఒకసారి వాన పట్టుకుంది. వీధి కాలువైంది, అద్దం మీద వైపర్లు తలబాదుకుంటున్నాయి. ఈ వానలో ఎవరొస్తారులే అనుకుంటూనే రత్నం ఆ వీధిలోకి తిప్పాడు. గేటు తెరుచుకుంది. లూదియా బేసిన్ తల మీద బోర్లించుకొని పరుగెత్తుకొచ్చింది. బేసిన్ మీద వాన చినుకులు డప్పు కొడుతున్నాయి.

"పిండిమిషన్ అనుకున్యా," అంది రొప్పుతూ.

"జొన్నలు మర్చిపోయినారు," అన్నాడు రత్నం.

ఆమె తల మీది బేసిన్ తడుముకుంది. ముఖం దానిమ్మపండైంది. గిరుక్కున తిరిగి లోపలికి పోయి గేటు వేసుకుంది. ఇంకొకడైతే ఆ వానలో కారు దిగి డాన్సు చేసేవాడు. రత్నం నిజంగానే ఆమె జొన్నలు మర్చిపోయిందని శిరివెళ్ల దాకా జాలిపడి, అక్కడ అర్థమై, కారు పక్కకు ఆపి, కాసేపు ఒక్కడే నవ్వుకున్నాడు.

ఫోన్ నంబరు అడగొచ్చు కదా అంటారు. నంబరు అడగాలంటే నోరు కావాలి. రత్నానికి రైతుల ముందు గంటసేపు మాట్లాడే నోరుంది, ఈ గేటు ముందు అది మూగబోయేది. పోనీ హారన్ కొట్టి పిలవొచ్చు కదా అంటే, ఆడపిల్ల ఉన్న ఇంటి ముందు హారన్ కొట్టకూడదు. అది ఎక్కడా రాసి లేదు, ఆళ్లగడ్డలో తెలియనివాడూ లేడు. హారన్ కొడితే పోకిరీతనం, తగాదా అవుతుంది. అదే బేరింగ్ మోగితే పేదరికం, జాలి పడతారు. కారు చేసే చప్పుడుకు ఏ ఆడపిల్లకూ చెడ్డపేరు రాదు. అందుకే మొదట్లో బాగు చేయించాలనుకున్న మోతను రత్నం ఆ తర్వాత కడుపులో పెట్టుకొని కాపాడుకున్నాడు.

ఆ కాపురం ఒకరోజు దేవదానం కంట పడింది. కంట కాదు, చెవిన పడింది. ఆ రోజు గేటు తెరుచుకొని వచ్చింది బేసిన్ కాదు, మీసం.

"బండి ఆపొద్దు," అన్నాడాయన. "ముందుకు పోనీ. ఇప్పుడు న్యూట్రల్ చెయ్. ఎడమకు తిప్పు. కుడికి తిప్పు."

కారు వీధిలో పాములా వంకర్లు తిరిగింది. ఆయన చెవి ఒగ్గి పక్కనే నడిచి, చివరికి బానెట్ మీద చెయ్యి వేసి ఆపించాడు.

"న్యూట్రల్‌లో గూడ మోగుతాంది, కాబట్టి ఇంజను కాదు. యాపక్కకు తిప్పినా మోత మారల్యా, కాబట్టి చక్రం బేరింగ్ గూడ కాదు. ముందు చక్రాలు లాగే బండి గదా ఇది. గేరుబాక్సు ఒక పక్కకుంటాది, కాబట్టి కుడి చక్రానికి పోయే షాఫ్టు పొడుగెక్కువ. అంత పొడుగుది ఊగకుండ మధ్యలో ఒకడు పట్టుకోనుంటాడు. సపోర్టు బేరింగ్. ఆయప్ప అయిపోయినాడు."

"మార్చాల అంకుల్. టైం దొరకల్యా," అన్నాడు రత్నం.

"మోత ఇంటా గూడ తిరిగేటోళ్ళు రెండు రకాలప్పా. చెవుడన్నా ఉండాల, బాధ్యతన్నా లేకుండాల. నువ్వు నా మాటకు పలుకుతాండావ్. కాబట్టి చెవుడు లేదు."

రత్నం తల వంచాడు. గేటు లోపల, మునగచెట్టు పక్కన, లూదియా బేసిన్ పట్టుకొని నిలబడి ఉంది.

"మొన్న మా అమ్మాయిని చూసేదానికి సున్నిపెంట నుంచి వచ్చినారు," అని దేవదానం మామూలుగా అన్నాడు. "పిల్లోని బండి చూడాల. పిల్లి నడిచినట్ల వచ్చి ఆగింది. చర్చిలో కోతపండగ అయినాక ఏ మాటైందీ చెప్తామన్యాం. నీలాంటోని చేతికైతే నేను స్టెప్నీ గూడ ఇయ్యను. పో నాయనా, పోయి మార్చుకో." మళ్ళీ ఆయనే లోపలికి తిరిగి, "ఆ బేసిన్ యాల మోసుకోని తిరుగుతాండావ్ మా? ఇంట్లో జొన్నలు పెట్టుకోని గూడ రొట్టె తిని ఎన్నాళ్ళాయనో," అని గొణిగాడు.

వీధి చివరి బస్సు గేరు మారితే పసిగట్టే మనిషి, మునగచెట్టు కింద బేసిన్ మీద వేళ్ళు గట్టిగా బిగిసిన చప్పుడు వినలేకపోయాడు.

నంద్యాలకు వచ్చేలోపు రత్నం లెక్క తేల్చుకున్నాడు. కోతపండగకు ఇంకా వారాలున్నాయి. ఆ లోపల కారు మోత పోతే తాను బాధ్యత గల మనిషి. బాధ్యత గల మనిషికి పిల్లనిస్తారు. ఎంత తేలిక.

గ్యారేజీలో అడిగితే షాఫ్టు మొత్తం మార్చాలన్నారు. ఇంటి పక్క ఖాదర్ బాషా ఆ మాట విని నవ్వాడు. ఆయనది స్పేర్ పార్టుల షాపు. మాటల్లో మాత్రం ఎవరినీ స్పేర్ చేసే రకం కాదు.

"పన్ను నొప్పంటే తలకాయ మార్చమన్యారా? బేరింగ్ తెప్పిస్తా. ఇంట్లోనే చేద్దాం. నువ్వు చెయ్, నేను చెప్తా."

శనివారం ఇంటి ముందు బండలు పరిచిన చోట పని మొదలైంది. ఖాదర్ కుర్చీ వేసుకొని టీ గ్లాసుతో కూర్చున్నాడు. చక్రం మధ్యలో ఉండే పెద్ద నట్టును కారు నేల మీద ఉండగానే వదులు చేయాలి, అప్పుడు ఎవరో ఒకరు బ్రేకు తొక్కి పట్టాలి. ఆ ఎవరో ఒకరు సువార్తమ్మ. ఆవిడ జీవితంలో మొదటిసారి డ్రైవరు సీట్లో కూర్చుంది.

"తొక్కు మా."

"తొక్కినా. కారు పోదు గదా నాయనా?"

"పోకుండ ఉండేదానికే బ్రేకు మా."

పొడుగు పైపు తగిలించి, రత్నం దాని మీద ఎక్కి గెంతితే నట్టు కీచుమని కదిలింది. అంత గట్టి నట్టు విప్పినవాడు, గేటు ముందు తన నోరు మాత్రం విప్పుకోలేకపోయాడు. తర్వాత జాకీ ఎత్తి, కింద స్టాండ్లు పెట్టి, చక్రం తీశాడు. ఆమెది జాకెట్ల పని, ఇతనిది జాకీ పని, ఇద్దరూ తల ఎత్తే వీల్లేని పనులే. గేరుబాక్సు ఆయిల్ వంచడానికి చేతికి దొరికిన బేసిన్ పెట్టాడు. అది సువార్తమ్మ పిండి కలిపే బేసిన్ అని ఆయిల్ నిండాక తెలిసింది.

"నూనెపల్లెలో పుట్టి నూనెకు కోపమేందిమా?" అన్నాడు కింద నుంచి.

"దీంట్లో ఇంక పిండి కలిపితే ఒట్టు," అంది ఆవిడ.

చక్రం వైపు కీళ్ళు విప్పాడు. ఇంజను వెనక బేరింగ్‌ను పట్టి ఉంచే బోల్టులు తీశాడు. అంతా విప్పినా బేరింగ్ కదల్లేదు. ఏళ్ళ తరబడి కాపురం చేసి తుప్పుతో ఒకటైపోయింది. తుప్పు వదిలే నూనె కొట్టి, తట్టి, బతిమాలి, తిట్టి, మధ్యాహ్నానికి షాఫ్టును బేరింగ్‌తో సహా బయటికి లాగాడు. దాన్ని వేలితో తిప్పితే రాళ్ళు నమిలినట్టు గరగరమంది.

పాతదాన్ని పుల్లర్‌తో ఊడదీశాక ఖాదర్ కుర్చీ దిగాడు. అంటే విషయం పెద్దదని అర్థం.

"ఈడ జాగ్రత్త. బేరింగ్‌కు రెండు రింగులుంటాయి. షాఫ్టును పట్టుకునేది లోపలి రింగు. పైపు దాని మీదనే ఆనించి దిగ్గొట్టాల. చేతికి అందుతాంది గదా అని బయటి రింగు మీద కొట్టినావంటే దెబ్బంతా మధ్యలో గుండ్లకు తగుల్తాది. కొత్తదే మోగుతాది."

రత్నం అట్లాగే చేశాడు. బేరింగ్ అంటే భరించేది. ఇంగ్లీషువాడికి 'భ'కు ఒత్తు పలకడం రాక అట్లా అన్నాడు గానీ పదం మనదేనని ఖాదర్ వాదన. కొత్త ఆయిల్ సీలు, కొత్త ఆయిల్, అన్నీ బిగింపు. పాత బేరింగ్‌ను పారేయమంటే రత్నం గుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టుకున్నాడు. ఎందుకో అతనికే తెలియదు.

సాయంత్రం కారు తీస్తే చప్పుడు లేదు. ఇండికేటర్ టిక్కు టిక్కుమనడం అతను ఆ కారులో మొదటిసారి విన్నాడు.

సోమవారం ఆళ్లగడ్డలో చర్చి వెనక వీధిలోకి అతని కారు పిల్లిలా, పిల్లికంటే మెత్తగా వెళ్ళింది. నీలం గేటు ముందు నిలిచింది. గేటు తెరుచుకోలేదు. ఆడపిల్ల ఇంటి ముందు ఊరికే ఎంతసేపని నిలబడతాడు. ముందుకు పోయాడు. తిరిగి వచ్చేటప్పుడూ గేటు మూసే ఉంది. ఆ వారం ఇంకోసారి పోయినా అంతే. పై వారం పోతే గేటు ముందు తెల్లగా మెరిసే కొత్త కారొకటి నిలబడి ఉంది. సున్నిపెంట, అనుకున్నాడు రత్నం. లూదియా ఒప్పుకుందన్నమాట. ఒప్పుకుంది కాబట్టే బయటికి రావడం మానేసింది.

ఇంటికి వచ్చి అన్నం ముట్టకపోతే సువార్తమ్మ పోయి ఖాదర్‌ను పిలుచుకొచ్చింది. ఆయన కథంతా విన్నాడు.

"ఆ పిల్ల బయటికి ఎందుకొచ్చేది?"

"మోత ఇని."

"మోత ఏమాయ?"

"తీసేసినా గదా."

"యవురు తీయమన్యారు?"

"వాళ్ళ నాయన."

ఖాదర్ గడ్డం గోక్కున్నాడు. "షాఫ్టుకు చెప్తే చేసినావు గానీ నీకు నువ్వు చేసుకోల్యా. దెబ్బ తీసుకోనిపోయి బయటి రింగు మీద కొట్టినావ్. ఆ పిల్లకు ఒక్క మాటన్నా చెప్పినావా?"

రత్నం బండల వంక చూశాడు.

"పోయి గేటు తట్టు," అన్నాడు ఖాదర్.

"ఏమని? సున్నిపెంట సంబంధం ఖాయమైనట్లుంది. నేను పోయి గేటు తడితే ఆయమ్మినే అంటారు నలుగురూ." కారు డిక్కీ వైపు చూశాడు. "పాత బేరింగ్ డిక్కీలో ఉండాది."

"అయితే?"

"ఒక్కసారి మోగనీ అన్నా. ఆ మోతకు గూడ రాకపోతే అప్పుడు నమ్ముతా."

"నా షాపులో కొన్న కొత్తదాన్ని పీకి కుళ్ళింది పెడతావా? నాకు పేరుండాది నంద్యాలలో. నేను రాను," అని ఖాదర్ నిజంగానే లేచిపోయాడు.

కోతపండగ ముందు శనివారం. మళ్ళీ అవే బండలు, అదే జాకీ, బ్రేకు మీద అదే సువార్తమ్మ కాలు.

"మళ్ళా ఏమాయ నాయనా కారుకు?"

"బాగైంది మా. అదే కష్టం."

ఆవిడకు అర్థం కాలేదు. ఆయిల్ పట్టడానికి బేసిన్ మాత్రం తానే తెచ్చి ఇచ్చింది. అది ఎట్లాగూ కారు బేసినే.

చక్రం ఊడింది. బోల్టులు ఊడాయి. రత్నం వెల్లకిలా పడుకొని షాఫ్టును సగం బయటికి లాగి, రెండు చేతులా పట్టుకొని ఉన్నాడు. వదిలితే మొత్తం ముఖం మీద పడుతుంది. సరిగ్గా అప్పుడు కారు అంచు కింద నుంచి అతనికి నాలుగు కాళ్ళు కనిపించాయి. రెండు ఆడవాళ్ళ చెప్పుల్లో, రెండు ఆర్టీసీ నల్ల బూట్లలో. చెప్పుల పక్కన నేల మీదికి ఒక బేసిన్ దిగింది.

"పిండిమిషన్ ఇదేనా?"

రత్నం లేవబోయాడు. తల ఇంజనుకు కొట్టుకుంది.

"మా వీధికి రావడం మానుకొనింది," అంది లూదియా గొంతు. "అందుకే మేమే వచ్చినాం."

"ఆళ్లగడ్డలో మరలే లేనట్ల, జొన్నలు నంద్యాలలో ఆడించాలంట," అన్నాడు దేవదానం. "ఎందుకుమా అంటే పలకదు. బేసిన్ ఎత్తుకోని బస్సెక్కింది. ఎనకాల నేనూ ఎక్కినా. షాపాయప్పను అడిగితే, కారు కిందుండాడు, తొందరగా పోండి, ముంచుతాండాడు అన్యాడు. ఏం ముంచుతాండావప్పా?"

బూట్లు వంగాయి. మీసం కారు అంచు కిందికి వచ్చింది. రోగిని చూసిన డాక్టరు కళ్ళు ఆయనవి. పక్కన గుడ్డ మీద ఉన్న పాత బేరింగ్‌ను తీసి వేలితో తిప్పాడు. అది గరగరమంది. షాఫ్టు మీద ఉన్నదాన్ని తిప్పాడు. అది మాట్లాడలేదు.

"మార్చినావు. బాగానే మార్చినావు. మరి మంచిదాన్ని మళ్ళా యాల ఊడబీకుతాండావ్? సీలు కారుతాందా?"

అది అందివచ్చిన అబద్ధం. అవునంటే సరిపోతుంది. పాడైన బేరింగ్ పెట్టడానికి మంచిది తీస్తున్నానంటే, బాధ్యత లేనివాడని ఆయనే ఇచ్చిన తీర్పు మీద తానే ముద్ర వేసుకున్నట్టు. రత్నం షాఫ్టును ఛాతీకి ఆనించుకున్నాడు.

"సీలు బాగుండాది అంకుల్," అన్నాడు. "మోత పోయింది. అందుకే తీస్తాండా. ఆ మోత ఇంటేనే మీ గేటు తెరుచుకునేది. మీరు చెప్పినారని బాగు చేసినా. గేటు మూసుకుపోయింది. మళ్ళా మోగితే తెరుచుకుంటాదేమోనని."

డ్రైవరు సీట్లో సువార్తమ్మ బ్రేకు ఇంకా తొక్కే ఉంది, తీయమని ఎవరూ చెప్పలేదు కాబట్టి.

"హారన్ లేదా నీ కారుకు?" అంది లూదియా.

"ఉండాది."

"మరి కొట్టొచ్చు గదా. నేనేమో రావడమే మానుకున్యావనుకుంటి."

"మీ ఇంటి ముందర యట్ల కొడతా? వీధంతా మీ పేరే అంటారు. బేరింగ్ మోగితే నా కారునే తిడతారు." అని, ఉండబట్టలేక అడిగేశాడు. "అయినా, తెల్లకారు చూసినా గదా. సున్నిపెంటోళ్ళది."

"పెండ్లి జాకెట్లు తీసుకుపోయేదానికి వచ్చినోళ్ళది. నా దగ్గర జాకెట్లకు వర్క్ చేయించుకునేటోళ్ళు గూడ కారులో రాకూడదా?"

దేవదానం బండల మీద చతికిలబడ్డాడు. ఒక చేతిలో పాత బేరింగ్ ఇంకా ఉంది.

"పిండిమిషన్ మన వీధికి వచ్చేది ఆదివారం," అంది లూదియా ఆయనతో. "నేను బేసిన్ పట్టుకోని గేట్లోకి పోయేది సోమవారం, గురువారం. ఒక్కదినమన్నా అడిగినావా నాయనా?"

"రొట్టె యాల లేదని అడిగినా గదమ్మా."

"రొట్టె చేస్తే జొన్నలు అయిపోతాయి. జొన్నలయిపోతే నేను గేటు దాకా ఏం పట్టుకోని పోవాల?"

దేవదానం బేరింగ్‌ను ఇంకోసారి తిప్పి విన్నాడు. ఆ గరగరలో ఈసారి ఆయనకు వేరే ఏదో వినబడినట్టుంది.

"మోత ఇంటా తిరిగేటోళ్ళు రెండు రకాలే అనుకుంటి," అన్నాడు చివరికి. "మూడో రకం గూడ ఉండాదని తెలీల్యా." పాత బేరింగ్‌ను ప్రహరీ అవతలి చెత్తలోకి విసిరేశాడు. "సున్నిపెంటోళ్ళకు నేను చెప్పుకుంటా. నువ్వు ముందు ఆ షాఫ్టు లోపలికి నూకు. మోగే బండిలో నా కూతురు తిరగదు."

షాఫ్టు చివరి పళ్ళు గేరుబాక్సు పళ్ళలోకి దిగాలి. కింద నుంచి ఒక్కడికి చూపు ఆనదు. లూదియా కొంగు దోపుకొని చక్రం లేని ఖాళీలోంచి తల పెట్టింది. సూది మొనతో పూస గుచ్చే కళ్ళు.

"పళ్ళు కలవల్యా. కొంచెం తిప్పు."

"యాపక్కకు?"

"నా పక్కకు."

తిప్పాడు. టక్కుమని దిగింది. ముఖాలు దగ్గర్లో ఉన్నాయి. అతని ముఖం మీద గ్రీజు ఉంది, ఆమె ముఖం మీద సీటు దొరికి స్థిరంగా కూర్చున్న నవ్వు ఉంది.

"చూస్తాండావా, బిగిస్తాండావా?" అంది.

చక్రం వేసి కారును నేలకు దించాక, పెద్ద నట్టు బిగించే వేళకు దేవదానం సువార్తమ్మ వైపు తిరిగాడు. "నువ్వు దిగమ్మా. బ్రేకు తొక్కేది నా ఉద్యోగం." ఆవిడ దిగి, ఆ అమ్మాయినీ బేసిన్‌నూ మార్చి మార్చి చూసి, కొడుకు వైపు చూసింది. కొడుకు పైపు పట్టుకొని నవ్వాడు. సువార్త ఆవిడకు అట్లా అందింది.

లూదియా జొన్నలు వీధి చివరి మరలో ఆడించుకొని వచ్చింది. వాటికి పిండి కావడం ఎట్లా ఉంటుందో అన్నాళ్ళకు తెలిసింది. పిండి కలపడానికి సువార్తమ్మ వంటింట్లో బేసిన్ కోసం వెతికి, గేరు ఆయిల్ నిండిన తన బేసిన్‌ను గుర్తు చేసుకొని ఆగిపోయింది.

"నేను తెచ్చుకున్యా గదత్తా," అంది లూదియా.

ఏ సంబంధమనుకొని అత్తా అన్నదో ఎవరూ అడగలేదు. ఖాదర్ బాషా కూడా వచ్చి కూర్చున్నాడు, తన కొత్త బేరింగ్ గౌరవం దక్కిందని. దేవదానం మొదటి రొట్టె తుంచి పప్పులో అద్ది నోట్లో పెట్టుకొని కళ్ళు మూసుకున్నాడు.

"ఈ రొట్టె కోసమన్నా ముందే ఒప్పుకుందును," అన్నాడు.

కోతపండగ అయిన మర్నాడు సోమవారం. రత్నం కారు చప్పుడు లేకుండా చర్చి వెనక వీధిలోకి తిరిగింది. హారన్ కొట్టవచ్చునని ఇంటి పెద్ద అనుమతి ఉంది. అయినా అలవాటు లేని చెయ్యి హారన్ దాకా పోయి ఆగింది. ఎందుకంటే నీలం గేటు తీసే ఉంది. గేట్లో లూదియా ఉంది. చేతిలో బేసిన్ లేదు.

"మోత లేదు గదా," అన్నాడు రత్నం అద్దం దించి. "నేనొచ్చినట్లు నీకెట్ల తెలిసె?"

"తెలీల్యా," అంది లూదియా. "పొద్దున్నుంచి ఈడ్నే నిలబడుకోనుండా."